పిడికెడు మన్నుకు లాయరు నోటీసు

పిడికెడు మన్నుతో కొంప ముంచుకోవడం ఎలాగో తెలుసుకోవాలని మీలో ఎవరికైనా సరదాగా ఉంటే కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ విద్యలో ప్రొద్దుటూరు మొత్తానికి నన్ను మించినవాళ్ళు లేరు. వరదలో మునిగినవాళ్ళు ఉన్నారు, పత్తి వ్యాపారంలో మునిగినవాళ్ళు ఉన్నారు. పూలకుండీలోని మన్నులో మునిగినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. పైగా ఆ మన్ను నేనే ఎత్తి, నేనే పోసి, నేనే వీడియో తీసి, నేనే ఊరంతా పంచాను. ఇంత పని ఒంటిచేత్తో చేసిన మనిషిని కొంచెం మర్యాదగానే చూడండి.

అప్పటికి మా పాపకు ఎనిమిదో నెల. తల్లినయ్యాక నాకు పట్టుకున్న జబ్బు పేరు భయం. పాప తుమ్మితే భయం. తుమ్మకపోతే, ఎందుకు తుమ్మలేదా అని భయం. ఇక ఎండాకాలం మా ప్రొద్దుటూరు సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట: మిద్దె మీద అప్పడం పెడితే ఎండదు, వేగుతుంది. మేము అద్దెకుండేది ఆ మిద్దె కిందనే, పై వాటాలో. కరెంటు పోయినప్పుడల్లా పాప ఒంటి నిండా చెమటకాయలు. విసనకర్రతో విసిరి విసిరి నా కుడిచెయ్యి పహిల్వాను చెయ్యిలా తయారైంది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేయాలి. కడుపుతో ఉన్నప్పుడు చదివి టీచరు పరీక్ష రాశాను. ఎంపికయ్యాను. పోలీసు విచారణ ఒక్కటి సజావుగా జరిగితే పోస్టింగు ఆర్డరు చేతికొస్తుంది. అంటే ఆ వేసవంతా నేను మెత్తగా, మర్యాదగా, ఎవరి జోలికీ పోకుండా బతకాల్సిన కాలం.

బతికానా? వినండి మరి.

"ఇన్వర్టరు పెట్టిద్దాం బావా" అన్నాను మా ఆయనతో. మేనమామ కొడుకునే చేసుకున్నాను కాబట్టి పెళ్ళయ్యాక కొత్త పిలుపు వెతుక్కునే శ్రమ నాకు లేకపోయింది. ఇద్దరం కలిసి శేషయ్య అనే ఆయన బ్యాటరీల అంగడికి పోయాం. నుదుట ఇంత బొట్టు, నోట్లో అంత తేనె. ఇన్వర్టరు చూపించాడు, తళతళలాడే బ్యాటరీ చూపించాడు, పాప బుగ్గ కూడా గిల్లాడు.

"బిల్లు కావాల్నా పాపా? బిల్లయితే పన్ను పడతాది. మనలో మనకు బిల్లేంది?" అన్నాడు.

'మనలో మనకు' అనే సరికి నేను ఎండలో పెట్టిన వెన్నలా కరిగిపోయాను. ఎమ్మెస్సీ చదివిన వెన్న. "గ్యారంటీ?" అని మాత్రం అడిగాను, చదువుకున్నదాన్ని కదా.

"నేనే గ్యారంటీ. నేను యాడికి పోతా? ఈడనే ఉంటా."

మాట తప్పలేదు. ఆయన అక్కడే ఉన్నాడు. పోయింది బ్యాటరీయే.

కరెంటు పోయిన మొదటిసారి పావుగంట తిరిగింది ఫ్యాను. ఆ తర్వాత ముసలి ఎద్దులా ఒక మూలుగు మూలిగి నిలబడిపోయింది. నాలుగు రోజులు పోయేసరికి ఆ వేడికి బ్యాటరీ మీది స్టిక్కరు ఊడి వచ్చింది. దాని కింద ఇంకో స్టిక్కరు. దాన్ని కూడా పెరికితే తెల్ల పెయింటుతో ముద్దుగా రాసి ఉంది: 'సుబ్బన్న టిఫిన్ సెంటర్, జమ్మలమడుగు'. అంటే మా కొత్త బ్యాటరీ జమ్మలమడుగులో ఇడ్లీల మధ్య ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసి, రిటైరై, మా ఇంటికి విశ్రాంతికి వచ్చిందన్నమాట.

బావ దాన్ని మోసుకుపోయి అంగట్లో ఇచ్చాడు. "మార్చి పంపిస్తా" అన్నాడు శేషయ్య. రేపన్నాడు, ఎల్లుండన్నాడు, లారీ రాలేదన్నాడు. చివరికి నేనే ఫోను చేస్తే కొత్త మనిషిలా మాట్లాడాడు.

"యా బ్యాటరీ? మా అంగట్లో కొన్నెట్ల బిల్లుందా మీ తాన?"

ఫోను పెట్టేసి పాపను పట్టుకొని ఏడ్చాను. తర్వాత పులివెందుల దగ్గర పల్లెలో ఉండే మా జేజికి, అంటే మా నాయన తల్లికి, ఫోను చేసి మళ్ళీ ఏడ్చాను.

"ఏడ్చేదెందుకే తిక్కదానా?" అనింది జేజి. "పిడికెడు మన్ను తీసుకొని వాని అంగడి తట్టు పోసెయ్. ఉసురు తగలకుంటే నన్నడుగు."

మా తట్టు ఇదొక పద్ధతి. అన్యాయమైపోయిన ఆడమనిషి పిడికెడు మన్ను ఎత్తి, అన్యాయం చేసినవాడి ఇంటివైపు చల్లి, నోటికొచ్చిన శాపనార్థాలన్నీ పెడుతుంది. మా జేజి ఇందులో ఘనాపాఠి. ఆమె మన్ను కోసం వంగిందంటే పంచాయతీ పెద్దలు కండువాలు సర్దుకొని పక్క సందులోంచి పోయేవాళ్ళట.

"మేముండేది మిద్దె పైన జేజీ. ఈడ మన్ను యాడుంది?"

"మన్ను లేకుండా ఊరుంటాదా? చూడు యాడన్నా."

చూశాను. కనకాంబరాల కుండీ ఉంది. పేడ ఎరువు, కొబ్బరిపొట్టు కలిపిన మేలురకం మన్ను. ఇక్కడే నా చదువు అడ్డం వచ్చింది. జేజి పోసిన మన్ను వాళ్ళ వీధి దాటేది కాదు. నేను మాత్రం ఫోనును ఊరగాయ జాడీకి ఆనించి, వీడియో నొక్కి, చంకలో పాపతో, నైటీ మీద తువ్వాలుతో వరండా చివర నిలబడ్డాను.

"ఓరి శేషయ్యా! పసిబిడ్డ ఉసురు పోసుకున్యావు గదరా! నీ అంగడికి తాళం పడా! నీ బోర్డు మీద గద్దలు వాలా! నీ బ్యాటరీ మాదిరే నీ యాపారం పావుగంటకే సల్లారిపోనూ! దొంగనాయాలా, మీ వంశమే దొంగల వంశం!"

పిడికెడు మన్ను గాల్లోకి లేచింది. ఆకాశం మీద ఉమ్మేస్తే మన ముఖానే పడుతుందంటారు. మిద్దె మీంచి మన్ను పోస్తే మాత్రం కింద వాటాలో ఇంటి ఓనరు ఆరేసుకున్న తెల్ల పంచెల మీద పడుతుంది. పాప సంబరంగా చప్పట్లు కొట్టింది.

నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ హాయిలోనే అంగడి పేరు, ఫోను నంబరు, శేషయ్య ఫోటో అన్నీ జోడించి, 'ప్రొద్దుటూరు దొంగల రాజు' అని పేరు పెట్టి ఊరి గ్రూపుల్లో వదిలాను. సాయంత్రానికి పులివెందుల దాటింది. మర్నాటికి కువైట్‌లో ఉన్న మా ఊరివాళ్ళు నవ్వుతూ ఫోన్లు చేశారు. ఎవరో పాట కలిపారు. ఎవరో నా చెయ్యి ఊపునే మళ్ళీ మళ్ళీ వచ్చేలా చేశారు. కింద రాసినవాళ్ళలో సగం మంది "బాగా చేసినావక్కా" అంటే, మిగతా సగం "అక్కా, పాప మన్ను తింటాంది చూడు" అన్నారు. అప్పుడు చూశాను. నిజంగానే తింటోంది. శేషయ్యను మరిచిపోయి పరుగున డాక్టరు దగ్గరికి పోయాను.

డాక్టరమ్మ కూడా వీడియో చూసే ఉంది.

వారం తిరక్కుండానే రిజిస్టర్డ్ పోస్టులో ఒక కవరు వచ్చింది. నా ఆర్డరేమో అనుకొని దేవుడి ముందు పెట్టి, కర్పూరం వెలిగించి, అప్పుడు విప్పాను. పరువు నష్టం నోటీసుకు హారతి పట్టిన ఘనత కూడా నాదే. బావ గట్టిగా చదివాడు.

"'సదరు మీరు నా క్లయింటు వంశమును దొంగల వంశమని బహిరంగముగా దూషించియున్నారు. నా క్లయింటు బోర్డుపై గద్దలు వాలవలెనని కోరియున్నారు. ఇంతవరకు సదరు బోర్డుపై గద్దలేవియు వాలలేదని మనవి. మీ కుమార్తె సైతము కరతాళధ్వనులతో సదరు చర్యను ప్రోత్సహించినది...' ఏందే ఇది? పాప మీద కూడా రాసినారు!"

"కింద చదువు బావా, కింద!"

"'పదిహేను దినములలో బహిరంగ క్షమాపణయు, నష్టపరిహారమును ఇవ్వని యెడల సివిలు, క్రిమినలు చర్యలు...'"

క్రిమినలు. ఆ మాట వినగానే నా పోస్టింగు ఆర్డరు రెక్కలు తెచ్చుకొని ఎగిరిపోతున్నట్టు కళ్ళకు కట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఊరంతా చూశాక డిలీటు నొక్కాను. నేను ఒక చోట తీసేస్తే నలభై చోట్ల పాటలతో మోగుతూనే ఉంది.

మర్నాడే జమ్మలమడుగు బస్సెక్కాం. బావ వాళ్ళ చిన్నాయన అక్కడ లాయరు. నాకూ మేనమామే అవుతారు. లాయరు మామ నోటీసు చదివి, కళ్ళద్దాలు తుడుచుకొని, మళ్ళీ చదివారు. రెండోసారి భుజాలు కదులుతున్నాయి. నవ్వు ఆపుకుంటున్నారని తర్వాత తెలిసింది.

"బిల్లుందామ్మా?"

"లేదు మామా."

"పోనీ బ్యాటరీ ఉందా?"

"వాళ్ళ అంగట్లోనే ఉంది. మార్చిస్తామంటే బావ పొయ్యి ఇచ్చేసి వచ్చినాడు."

"దాని మీద హోటలు పేరుండె అన్యావే, అదన్నా ఫోటో తీసినావా?"

"కోపంలో ఉంటి మామా..."

"ఆహా! వాడు చేసినదానికి ఒక్క ఫోటో లేదు. నువ్వు చేసినదానికి పాటతో సహా వీడియో ఉంది. ఇన్నేళ్ళ వకాల్తాలో ఇట్లాంటి క్లయింటును చూడలేదమ్మా. అవతల పార్టీకి సాక్ష్యం వండి, క్యారియరులో సర్ది, ఇంటికి పంపినావు గదా!"

నాకు పౌరుషం వచ్చింది. "నేను చెప్పింది నిజమే గదా మామా? నిజం చెప్పినా తప్పేనా?"

"నిజం వేరే, నిరూపించుకునే నిజం వేరే. 'ఈ అంగట్లో ఇచ్చిన బ్యాటరీ పావుగంట కూడా రాలేదు, మార్చమంటే మార్చలేదు' అను. బిల్లు చూపించు. వినియోగదారుల కమిషనుకు పోదాం పా, ముందర నేను నడుస్తా. నలుగురికి మేలు చేసే నిజమైతే, దాన్ని నువ్వు నిరూపించగలిగితే, చట్టం నీ పక్కన నిలబడతాది. నువ్వేమన్యావు? దొంగల వంశం అన్యావు. పాపం వాళ్ళ తాత ఏం చేసినాడే? ఆయన కాలానికి ఊర్లో కరెంటే లేదు, బ్యాటరీ యాడ అమ్మినాడు?"

ఆ తాతగారికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

"ఇంట్లో దొంగనాయాలంటే అది తిట్టు. ఫోన్లో ఎక్కించి పంచితే అది దస్తావేజు" అన్నారు మామ. "కేసే గనక పడితే నీ విచారణలో రాసుకుంటారు. ఉద్యోగం పోతాదని చెప్పలేను, పోదని కూడా చెప్పలేను. అందుకే పడకుండా చూడాల."

"మరి పాప మీద కూడా రాసినారు మామా..."

"ఎనిమిది నెలల ముద్దాయి యాడన్నా ఉంటాదంటే? ఆమెకు పాలు పట్టు, నువ్వు నీళ్ళు తాగు. ఫోను మాత్రం ముట్టుకోవాకు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. మన్ను పోయనేల, మామను వెతకనేల అని నేను దిద్దుకుంటూ ఇల్లు చేరాను. ఆ తర్వాత నాకు నిద్ర లేదు. గేటు చప్పుడైతే పోలీసులనుకునేదాన్ని. పాలవాడిని చూసి ఒకసారి చేతులు ముందుకు చాచాను కూడా.

కొన్నాళ్ళకు మామ ఫోను చేశారు.

"అమ్మే, శేషయ్య లాయరుతో మాట్లాడినా. వాళ్ళకు దుడ్లు వద్దంట."

"క్షమాపణ రాయాల్నా మామా?"

"అది కూడా అంత ముఖ్యం కాదంట."

"మరేం కావాలంట?"

మామ గొంతు సవరించుకున్నారు. "పోసిన మన్ను ఎత్తుకోవాలంట."

జరిగిందేమిటంటే, నోటీసు పంపిన మర్నాడే శేషయ్య బోర్డు లైటు మాడిపోయింది. అంగట్లో ఆయన సొంత ఇన్వర్టరు పొగలు కక్కింది. దానికి శాపం ఎందుకు, ఆయన బ్యాటరీలే చాలు, కానీ అది వాళ్ళింటామెకు ఎవరు చెప్పాలి? ఆమె తమ్ముడు బండి మీంచి పడ్డాడు. ఆ సాయంత్రం బోర్డు మీద ఒక గద్ద వాలిందట. నోటీసులో 'వాలలేదని మనవి' అని రాయించుకున్న మనిషికి దొంగకు తేలు కుట్టినట్టయింది. "ఆ పిల్ల మన్ను ఎత్తుకునే దాకా నీకు ఈ ఇంట్లో ముద్ద లేదు" అని ఇంటామె పొయ్యి ఆర్పేసింది.

జేజికి ఫోను చేశాను. "పోసిన మన్ను ఎట్ల ఎత్తుకోవాల జేజీ?"

అవతల జేజి వక్క నములుతున్న చప్పుడే వినిపించింది.

"ఎత్తుకునేది ఉందా జేజీ?"

"ఉండకేం! నేనే వచ్చాండా. నువ్వేం చేయొద్దు, నోరు మాత్రం తెరవొద్దు."

మర్నాడు పొద్దున్నే పులివెందుల బస్సు దిగి, సంచీ చంకన పెట్టుకొని, సరాసరి శేషయ్య అంగట్లోకి నడిచి స్టూలు మీద కూర్చుంది జేజి. ఒక పక్క నేను, పాప, బావ. ఇంకో పక్క లాయరు మామ. ఎదురుగా శేషయ్య, ఆయన వెనక ఆయన ఇంటామె.

"అవ్వా, నీకు దండం పెడతా. ఆ మన్నేదో ఎత్తుకోండి" అన్నాడు శేషయ్య.

"ఊరికే లేయదప్పా మన్ను" అనింది జేజి. "తీసుకున్నది తిరిగిస్తేనే లేస్తాది. ఇది నేను పెట్టిన కట్టుబాటు కాదు, మన్ను కట్టుబాటు."

లాయరు మామ వంగి ఆమె చెవిలో, "మెల్లగా అత్తా. బెదిరించినారని రాసుకుంటే మళ్ళా నాకే పని" అన్నారు.

శేషయ్య లోపలికి పోయి ఒక బ్యాటరీ తెచ్చాడు. జేజి గోటితో స్టిక్కరు గీకింది. కింద ఇంకో స్టిక్కరు.

"ఏందప్పా, ఎర్రగడ్డ తెచ్చినావా? పొర తీస్తే పొరొస్తాంది!"

ఇంకోటి తెచ్చాడు. అదీ ఉల్లిగడ్డే. అప్పుడు ఇంటామె నోరు విప్పింది. "ఏమయ్యా, నీకు అన్నం మీద ఆశ ఉందా లేదా?" మూడోది సీలు విప్పని డబ్బాలో వచ్చింది. జేజి గీకి గీకి గోరు నొప్పెట్టి సరేననింది.

నేను నోరు తెరవకూడదు కదా. అయినా ఆగలేక, "బిల్లు" అన్నాను.

"పన్ను పడతాది పాపా..."

"పడనీ" అన్నాం నలుగురం ఒకేసారి.

నోటీసు వెనక్కి తీసుకున్నట్టు మామ ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాక జేజి లేచింది. పసుపునీళ్ళు అడిగింది, చాట అడిగింది. గడప ముందర నా చేత ఊడ్పించి, ఆ మన్ను చాటలోకి ఎత్తించి, నా తల చుట్టూ, శేషయ్య తల చుట్టూ తిప్పి, కళ్ళు మూసుకొని ఏదో గొణిగింది. శేషయ్య ఒళ్ళంతా చెమట. ఇంటామె అంతా వీడియో తీసింది, నలుగురికీ చూపించాలని. నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. మామ ఒక్కో మాటా తూకం వేసి అందిస్తే, బందిపోట్లు పట్టుకుపోయిన మనిషిలా కెమెరాలోకి చూస్తూ అప్పజెప్పాను: "బ్యాటరీ విషయంలో మా మధ్య వచ్చిన తేడా తీరిపోయింది. వంశం గురించి నేనన్న మాట తప్పు." అంతే. దండం పెట్టబోతే, అది కూడా వద్దని సైగ చేశారు మామ.

బస్టాండులో జేజిని అడిగాను. "ఏం మంత్రం చదివినావు జేజీ?"

"మంత్రమా నా బొందా! మన్ను పోసేదే గానీ ఎత్తుకునేది మన తట్టు యాడుంది? పులివెందుల బస్సు ఆగే ఊర్ల పేర్లు వరసగా చదివినా. నడాన ఒక ఊరు మర్చిపోయినా, వానికి తెలీలే."

తర్వాత విచారణకు కానిస్టేబులు వచ్చాడు. "కేసులేం లేవు గదా మేడం?"

"లేవండి."

నన్ను చూశాడు, కాగితం చూశాడు, వరండాలో కుండీ చూశాడు. "పాప ఇప్పుడు మన్ను తినడం మానిందా మేడం?" అని మాత్రం అడిగి, రాసుకొని పోయాడు.

ఆర్డరు వచ్చింది. వేంపల్లె అవతల ఒక పల్లెలో బడి. కొత్త చీర కట్టుకొని మొదటిరోజు పోయాను. హెడ్మాస్టరు పెద్దమనిషి, చీమకు కూడా దారిచ్చే మనిషి. నా సంతకం తీసుకొని, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి అన్నారు.

"కూర్చోండమ్మా. మీ గురించి నాకు తెలుసు. నేను కూడా చూసినా."

అయిపోయింది, ఇక్కడికీ పాకిందనుకున్నాను. "అది ఎప్పుడో తీరిపోయింది సార్. నోటీసు కూడా వాపసు..."

"దాని గురించి కాదమ్మా. మన బడికి బెంచీలు చేసిచ్చిన కాంట్రాక్టరు ఒకడుండాడు. పిల్లోళ్ళు కూచుంటే ఇరుగుతాండాయి. ఎన్ని తూర్లు రాసినా పలకడు." ఆయన లేచి కిటికీ తెరిచారు. "వాని ఇల్లు ఆ తట్టే. మన బయల్లో మన్నుకు కొదవ లేదు. ఒక్క పిడికెడమ్మా... వీడియో వద్దులే. నేను కూడా అట్ల తిరుక్కుంటా."

అందుకే మీ అందరి ముందూ ఒట్టు పెడుతున్నాను. మా ఇలవేలుపు సాక్షిగా, నా పోస్టింగు ఆర్డరు సాక్షిగా, ఇకమీదట బిల్లు లేనిదే ఉప్పు పొట్లం కూడా కొనను. ఎవరి వంశాన్నీ పల్లెత్తు మాట అనను. ప్రాణం పోయినా ఫోను ముందర నిలబడి మన్ను ముట్టను. ఇక ఆ కాంట్రాక్టరు గారికి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఆ రోజు మా బడి బయల్లో గాలి లేచింది, కొంత దుమ్ము మీ ఇంటివైపు పోయింది, ఆ సమయంలో నేను అక్కడ నిలబడి ఉన్నాను. ఇంతకు మించి నేను ఒక్క ముక్క కూడా అనడం లేదు. అననట్టుగా ఈ వాక్యం దిద్దిపెట్టింది మా లాయరు మామే.